మేఫెంగ్ ల్యాప్‌టాప్ కునుకు

జియాయీ ఊళ్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మేఫెంగ్ చేతులు ఎంత చురుకో, ఆలోచన అంత నిదానం. కబుర్లు చెబుతూనే కాలరు తిప్పేస్తుంది గానీ, వేచీ ఆటకు కూర్చుందంటే ఒక్క రాయి పెట్టేలోపు ఎదుటివాడి టీ చల్లారాల్సిందే. గళ్ల బల్ల మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పేర్చి చోటు ఆక్రమించుకునే ఆట అది. పేటలోని ఆటల గదిలో ఏళ్ల తరబడి ఆమెకు జోడీ చియెన్. రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. సముద్రపు గాలి కావాలంటూ కొండల అవతల హువాలియెన్‌కు మకాం మార్చేశాక, ఇద్దరూ ఆదివారం ఆదివారం ల్యాప్‌టాప్‌ల మీదే ఆడుకుంటున్నారు.

చిక్కల్లా ఆ ల్యాప్‌టాప్‌తోనే వచ్చింది. మేఫెంగ్ ఆలోచనలో పడి చేయి కదపకపోతే అదీ ఒక కునుకు తీసేది. మీట నొక్కితే తెర లేచేది, వైఫై మాత్రం లేచేది కాదు. ఆమె విమానం బొమ్మ నొక్కి తీసేది, రౌటరు వైరు పీకి పెట్టేది, చివరికి మొత్తం ఆపి మళ్లీ వెలిగించేది. ఈ తతంగమంతా అయ్యేసరికి గడువు దాటిపోయి ఆమె ఓడినట్టు తేలేది. పైగా అలా జరిగిన ప్రతిసారీ ఆటలో వెనకబడి ఉన్నది ఆమే.

చియెన్ ఊరుకుంటాడా? ఆటల గది వాళ్ల ఫోను గ్రూపులో రాసి పడేశాడు: "ఓడిపోయేటప్పుడే మా మేఫెంగ్ పెట్టెకు నిద్రొస్తుంది. భలే పెంచింది!"

అందరూ పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. మేఫెంగ్‌కు ఒళ్లు మండిపోయింది. ఓడిందంటే పడుతుంది, పారిపోయిందంటే పడదు. కుట్టు విప్పి మళ్లీ కుట్టడమే తప్ప ఏ చొక్కానూ సగంలో వదిలిన మనిషి కాదామె.

ల్యాప్‌టాప్‌ను సంచీలో వేసుకుని సందు చివర రిపేరు కొట్టుకు వెళ్లింది. కొట్టు వెంగ్‌ది. మూత తెరవకముందే అతను అడిగాడు.

"ముందిది చెప్పక్కా, దీని పక్కన పచ్చ ప్యాకెట్ పెట్టావా?"

"పెట్టకుండా ఉంటానా! కుట్టుమిషను మీద ఒకటి, దీనికొకటి."

సంచీలోంచి తీసి చూపించింది. కొబ్బరి రుచి చిరుతిండి ప్యాకెట్ అది. యంత్రం బుద్ధిగా ఉండాలంటే పక్కన పచ్చదే పెట్టాలి, పసుపుది పెడితే మొరాయిస్తుందని అక్కడందరి నమ్మకం. వెంగ్ దాన్ని తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా! దీని తేదీ ఎప్పుడో దాటిపోయింది. గడువు తీరినదాన్ని కాపలా పెడితే యంత్రం మాట వింటుందా?"

మేఫెంగ్ మొహం ఎర్రబడింది. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే తనే నాలుగు చీవాట్లు పెట్టేది.

అయినా వెంగ్ తన పని తాను చేశాడు. సెట్టింగుల్లోకి దిగి, కరెంటు ఆదా కోసం వైఫైని ఆపేయవచ్చు అన్నచోట టిక్కు తీసేశాడు.

"పెట్టె పడుకుంటూ వైఫై గొంతు కూడా నొక్కేస్తోందక్కా. లేచాక వదలడం మర్చిపోతోంది. పోనీ, అసలు నిద్రే పోకుండా చేసేయనా?"

"వద్దు తమ్ముడూ. పని లేనప్పుడు పడుకోనీ పాపం. పిలిస్తే లేస్తే చాలు."

ఇంటికెళ్తూ దారిలో కొత్త పచ్చ ప్యాకెట్ కొంది.

ఆదివారం వచ్చింది. ఆట సగానికి రాకుండానే మేఫెంగ్ తెల్లరాళ్ల గుంపొకటి మూలన చిక్కుకుపోయింది. దాన్ని బతికించే దారి కోసం చూస్తూ చూస్తూ ఉండగా తెర చీకటైంది.

మీట దాకా వెళ్లిన చేయి ఆగిపోయింది. ఇలాగే వదిలేస్తే? మళ్లీ నిద్రపోయిందని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఇన్నాళ్లూ వైఫైని తిట్టిన తిట్ల అడుగున కాస్తంత హాయి కూడా ఉండేదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. తన మీద తనకే కోపం ముంచుకొచ్చి మీట నొక్కింది.

వైఫై ఠక్కున లేచి కూర్చుంది.

"ఇవాళే రావాలా నీకింత తొందర!" అని దాన్ని తిట్టి, రాయి పెట్టింది. ఆ మూల పోయింది, పక్క మూలా పోయింది. చివరి గడి దాకా ఆడి చిత్తుగా ఓడింది.

వెంటనే చియెన్ ఫోను చేశాడు.

"ఏంటే, ఇవాళ నీ పెట్టెకు నిద్ర రాలేదా?"

"వచ్చింది. లేపాను."

"ఎప్పుడూ?"

"మూలన నా గుంపు చచ్చేటప్పుడు."

"చచ్చిందని తెలిసే లేపావా?"

"తెలిసే లేపానన్నా."

"సరే, గ్రూపులో రాస్తాలే" అని పెట్టేశాడు.

ఏం రాస్తాడోనని మేఫెంగ్ గ్రూపు తెరిచింది. "మేఫెంగ్ ఇవాళ నా చేతిలో ఘోరంగా ఓడింది. కడదాకా కూర్చుని ఓడింది."

ఆమె కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో అతని నుంచి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. కాపలాలో ఉన్న ప్యాకెట్‌ను తినకూడదు గానీ, పాతదానికి ఆ ఉద్యోగం ఊడిందిగా. దాన్ని చింపింది. లోపలంతా మెత్తబడిపోయింది. ఒక్కటీ మిగల్చకుండా తింటూ, ఆ మూలన తను ఎక్కడ తప్పు చేసిందో వెతకడం మొదలుపెట్టింది.