జేబులో తాళంచెవి

అరబ్బు దేశంలో, మలాజ్‌లోని మా వర్క్‌షాపులో ఎడారి జీపులకు బ్రేకు ప్యాడ్లు మార్చే కడప మేస్త్రీ, పని పూర్తయ్యేదాకా బండి తాళంచెవిని చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు.

"ఏం మామా, అత్త నగల బీరువా తాళమా?" అనేవాణ్ణి.

"కొత్త ప్యాడ్లు ఇంగా డిస్కును పట్టుకోలేదబ్బీ. పెడలు పదిసార్లు తొక్కి, గట్టిపడినాకనే ఇచ్చేది."

ఆ రోజు చక్రాలు బిగించి, జీపు ముందు పడున్న పానాలు ఏరుతున్నాడు. మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ కొడుకు తొందరపడి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో జీపును కదిలించాడు. బ్రేకు తొక్కితే పెడలు అడుగుదాకా దిగింది. జీపు ఆగలేదు.

బ్రేకు గట్టిపడకముందే తాళంచెవి ఇచ్చేసి, మేస్త్రీ తన తప్పు వల్లే చనిపోయాడని కాగితం రాశారు. సాక్షి సంతకం నాది. అక్కడ ఉండడానికి కావాల్సిన నా ఇకామా కార్డు కూడా ఆ కఫీల్ చేతిలోనే ఉంది.

ఆసుపత్రిలో నాకిచ్చిన మేస్త్రీ చొక్కా జేబులో తాళంచెవి అలాగే ఉంది. కఫీల్ అడిగి తీసుకున్నాడు.