మూడక్షరాలకు ఆగని పెర్లితా

మనాంగ్ పెర్లితాకు ఆ శుక్రవారంతో గడువు సరి. వయసులో పెద్దవాళ్లను, ఆడవాళ్లయితే మనాంగ్ అని, మగవాళ్లయితే మనోంగ్ అని పిలుస్తాం మేం. రెండు వారాలు మందుల చీటీలు కంప్యూటర్లో ఎక్కించి చూపించండి, నచ్చితే ఉంచుకుంటాం అంది మా ఆసుపత్రి మందుల విభాగం పెద్ద ఒఫెలియా మేడమ్. పెర్లితాకు యాభై మూడేళ్లు. ఇరవై ఏళ్లు మునిసిపల్ హాలు మెట్ల పక్కన గొడుగు కింద టైపుమిషన్ పెట్టుకుని ఊరందరి అర్జీలూ కొట్టి బతికింది. ఇప్పుడా మిషన్ దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. ఇదీ పోతే ఆ వయసులో ఇంకో పని దొరకదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

"టైపింగ్ ఏముందే, పది వేళ్లు ఎవరికి లేవు?" అనేది మేడమ్ నాతో.

పది వేళ్లూ ఉన్నాయి గానీ, ఫార్మసిస్టులం అందరం రెండు వేళ్లతోనే పొడిచేవాళ్లం. మా ఊళ్లో ఇంటిపేర్లన్నీ 'త'తోనే మొదలవుతాయి. మమ్మల్ని ఏలిన స్పెయిన్ దొరలు ఇంటిపేర్లకని ఊరికో అక్షరం పంచిపెట్టి పోయారు. మేం మూడక్షరాలు కొట్టి, తెర మీద దిగిన తబావాల్లో తబురాల్లో ఒకరిని ఎంచుకునేవాళ్లం. పెర్లితా మాత్రం పేరు, తల్లి పుట్టింటి పేరు, పుట్టినతేదీ అన్నీ కొట్టేది. అయినా మాకంటే ముందే ముగించేది.

"అంతెందుకు మనాంగ్? మూడక్షరాలు చాలవూ?" అని ఒకసారి మేడమ్ విసుక్కుంది.

"హాలు దగ్గర ఓసారి ఒకాయన పేరు కురచ చేసి కొట్టాను మేడమ్. ఆయన పొలం కాస్తా అదే పేరున్న బాబాయి కొడుక్కి పోయింది. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు."

ఆ శుక్రవారం పొద్దున్నే కరెంటు పోయింది. పదకొండుకు వచ్చేసరికి రెండు వందల చీటీలు పేరుకున్నాయి. మేడమ్ సగం నా ముందు, సగం పెర్లితా ముందు పెట్టింది. బెంచీల మీద జనం విసనకర్రలు విసురుకుంటూ మమ్మల్ని తిట్టుకుంటున్నారు. నేను దడదడా మూడక్షరాలు కొట్టడం, మందులు ఇవ్వడం, మళ్లీ మూడక్షరాలు కొట్టడం. పన్నెండు దాటేసరికి పెర్లితా ముందున్న కుప్ప అయిపోయింది. లేచి వచ్చి, నేను కొట్టేసిన చీటీలు తీసుకుంది.

"అవి అయిపోయాయి మనాంగ్."

"తెలుసు అమ్మాయ్. చేతులు ఊరికే ఉంటే నాకు తోచదు. ఇంకోసారి చూస్తాను."

ఆమె వేళ్లు చకచకా కదిలాయి. కాసేపటికి చటుక్కున ఆగాయి.

"ఈ రొదెలియో తబావా తండ్రా, కొడుకా?"

తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే పేరు. చీటీలో ఉన్న పుట్టినతేదీ తండ్రిది. నేను కొడుకు ఖాతాలో ఎక్కించాను. పెర్లితా తెర మీద హెచ్చరికగా ఎర్ర గడి వెలుగుతోంది. తండ్రి గుండెకోసం రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. మోకాలి నొప్పికి నేనిచ్చిన బిళ్ళ దానితో కలిస్తే లోపల రక్తం కారుతుంది.

గేటు ఎదుటే తింటానన్న ఆయనకు, భోజనం కాగానే వేసుకోమని నేనే చెప్పాను. అక్కడి పూటకూళ్ల కొట్టుకు పరుగెత్తాను.

ముసలాయన బల్ల దగ్గర కూర్చున్నాడు. గ్లాసు పక్కన బిళ్ళ.

"మనోంగ్, వేసుకున్నారా?"

"ఎక్కడమ్మా, చేపల పులుసు ఇంకా పొయ్యి మీదే ఉందట. కరెంటు పోతే మీ అందరికీ మంచి సాకు."

బిళ్ళలన్నీ లాక్కుని ఆయన ఎదురుగా కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఏమనుకున్నాడో, తన నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

డాక్టర్ వేరే మందు రాసిచ్చాడు. తిరిగొచ్చి మేడమ్‌కు జరిగిందంతా చెప్పేశాను. ఆమె పెర్లితా తెర దగ్గరికి వెళ్లి ఎర్ర గడిలో ఉన్నది చదివింది.

"ఆ మూడక్షరాల పద్ధతి మీ అందరికీ నేర్పింది నేనే" అంది మెల్లగా. తర్వాత పెర్లితా వైపు తిరిగింది. "మీ నియామకం కాగితం మీరే కొట్టుకోండి మనాంగ్. నేను మొదలుపెడితే సోమవారం అవుతుంది."

ఇన్నేళ్లూ ఊరందరి కాగితాలు కొట్టిన మనిషి, తన కాగితం ఒక్కటీ మూడుసార్లు తప్పు కొట్టింది. మేమెవరమూ తొందరపెట్టలేదు.