ఐదువందల ఇరవైతొమ్మిదో పాట

మా నాన్న భూస్థాపన ఆరాధన మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయిన కూతుర్ని నేను. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. పెట్టె మూత వేసేటప్పుడు నేను చర్చి వెనక బోరింగు పంపు చప్టా మీద చెవులు మూసుకుని కూర్చున్నాను. ఎందుకు లేచావని నన్నెవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్పేదాన్ని? బోర్డు మీద 529 ఉందండీ, అందుకని లేచానండీ, అంటే పిచ్చి ముదిరిందనుకునేవారు.

ఆ సంఖ్య సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నాకు ఆటిజం ఉంది. ఆ మాట ముప్పై ఆరో ఏట కాకినాడలో ఒక డాక్టరుగారు చెప్పారు. అప్పటిదాకా నాకున్న పేరు మొండిఘటం. ఆటిజం అనగానే కొంతమంది ఫోను తీసి, పెద్ద పెద్ద గుణకారాలు చెయ్యమని నా మొహంలోకి చూస్తారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను మేధావిని కాను. పదో తరగతి లెక్కల్లో అత్తెసరు మార్కులతో బయటపడ్డాను. జవాబు రాసి ఊరుకునేదాన్ని, ఎలా వచ్చిందో రాయమంటే రాసేదాన్ని కాదు. లెక్కలు రావడం వేరు, అంకెలతో సావాసం వేరు. నాకున్నది సావాసం.

అది చింతగింజలతో మొదలైంది. ఆరేడేళ్ళప్పుడు పొద్దస్తమానం అరుగు మీద గింజలు వరసలు పేర్చేదాన్ని. పన్నెండు గింజలైతే మూడేసి చొప్పున నాలుగు వరసలు వస్తాయి. పదమూడైతే ఎలా పేర్చినా సమానంగా రావు. పన్నెండు విడిపోతుంది, పదమూడు విడిపోదు. విడిపోనివాటిని ప్రధాన సంఖ్యలంటారని బళ్ళో తరవాత చెప్పారు. నేను పెట్టుకున్న పేరు 'గట్టివి'. గట్టిదాని లోపలికి ఏదీ దూరలేదు, దాని లోపల కూర్చుంటే నన్ను కూడా ఏదీ తాకలేదు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. పాస్టరుగార్లు బదిలీల మీద వచ్చేవారు, పోయేవారు. ఆదివారం ఏ పాటలు పాడాలో ఎంచే పని మాత్రం ఎప్పుడూ నాన్నదే. పీఠం పక్కన గోడకి నల్లబోర్డు ఉండేది, మూడు వరసల గాళ్ళు కొట్టి. తెల్ల రంగుతో అంకెలు వేసిన రేకు ముక్కల్ని ఆ గాళ్ళలోకి దూర్చాలి. శనివారం సాయంత్రం నాన్న స్టూలెక్కి ఆ వారం మూడు పాటల నంబర్లూ పెట్టేవాడు. ఆదివారం అందరూ ఆ నంబర్లు చూసి ఆరువందల పాటల పుస్తకంలో పాట తీసుకునేవారు.

నాకు మొదట్లో చర్చి అంటే నరకం. హార్మోనియం, డోలక్కు, మైకు కీచుమనడం, వందమంది ఒక్కసారిగా లేచి నిలబడితే బెంచీలు చేసే చప్పుడు, అన్నీ ఒకేసారి నా మీద పడేవి. నేను ఏడ్చేదాన్ని, చెయ్యి కొరుక్కునేదాన్ని. అమ్మ నన్ను చంకనేసుకుని బయటికి పరుగెత్తేది. "పిల్లని ఇంటికాడ ఉంచి రావచ్చు కదండీ మాస్టారూ," అని పెద్దలు నాన్నతో అనేవారు. సంఘ పెద్ద కూతురు సంఘంలో కూర్చోలేకపోవడం చిన్న మాట కాదు. నాన్న తల దించుకునేవాడు. నా వల్ల ఆయనకు సిగ్గుగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసిందనుకున్నాను.

ఏడో ఏట అది మారిపోయింది. ఒక ఆదివారం బోర్డు మీద మూడూ గట్టివే ఉన్నాయి. మరుసటి వారం కూడా మూడూ గట్టివే. 61, 307, 431. ఆ పై వారం మరో మూడు. నేను రెండో బెంచీలో కూర్చుని ఒక్కో సంఖ్యనీ మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగించుకుంటూ పోయేదాన్ని. పెద్దదైతే ప్రసంగం అయ్యేదాకా పట్టేది. ఎంత భాగించినా అది విడిపోకుండా అక్కడే నిలబడి ఉండేది. హార్మోనియం మోగుతూనే ఉండేది, కానీ నా మీద పడేది కాదు. నేను ఏడవడం మానేశాను. ప్రార్థన ఫలించిందని సంఘమంతా సంతోషించింది.

నేను మాత్రం అసలు సంగతి కనిపెట్టేశాననుకున్నాను. ఇంతమందిలో దేవుడు నాతో మాట్లాడుతున్నాడు. నాకు మాటలు సరిగా రావని ఆయనకు తెలుసు, అందుకని అంకెల్లో మాట్లాడుతున్నాడు. నువ్వు కూర్చో, నేనున్నాను, అంటున్నాడు. ఈ మాట నేను ఎవరికీ చెప్పినట్టు గుర్తు లేదు. నా విశ్వాసం మొత్తం ఆ మూడు వరసల మీదే నిలబడింది.

మొదటి బెంచీలో ఒక మామ్మ కూర్చునేది. ఆరాధన అవగానే నాన్నని పట్టుకుని నిలదీసేది. "నూట నలభైనాలుగో పాట ఎప్పుడు పెడతారండీ మాస్టారూ? నా పెళ్ళినాడు పాడిన పాటండీ అది. నేను పోయాక పెడతారా ఏంటి?" నాన్న నవ్వి, "ఈ వారం కుదరలేదు మామ్మగారూ," అనేవాడు. క్రిస్మసుకి అందరికీ ఇష్టమైన పాటని బోర్డు మీద పెట్టకుండా నోటితో చెప్పి పాడించేవాడు. అదేం పద్ధతని పెద్దలు గొణుక్కునేవారు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. అయినా నాకు ఏమీ తట్టలేదు.

నా తొమ్మిదో ఏట 529 వచ్చింది. ఆ వారం బళ్ళో నాన్న నన్ను లేపి, ఎక్కం చెప్పమన్నాడు. పిల్లలంతా గొంతెత్తి వల్లె వేస్తుంటే నా నోరు పెగల్లేదు. మాస్టారి కూతురికే రాదంటే ఎలా అని, స్కేలుతో చేతి మీద రెండు వేశాడు. నేను ఇంటికొచ్చి దొడ్లో నీళ్ళ గాబు వెనక కూర్చుని, నాన్న చచ్చిపోతే బాగుండు అనుకున్నాను. ఆ మాట గట్టిగా, మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఆదివారం బోర్డులో మూడో వరస 529. పరలోకం గురించిన పాట. ప్రసంగం మొదలైంది, నేను భాగించడం మొదలుపెట్టాను. ఏడు పోలేదు, పదకొండు పోలేదు, పదమూడు పోలేదు. పదిహేడు, పంతొమ్మిది కూడా పోలేదు. హమ్మయ్య, గట్టిదే, అనుకుంటూ ఇరవైమూడు దగ్గరికి వచ్చాను. అది నిలువునా విడిపోయింది. చర్చి అంతా నిశ్శబ్దంగా వింటుంటే నేను బెంచీ ఎక్కి, "ఇరవైమూడు ఇరవైమూళ్ళు! ఇది విడిపోతోంది, ఇది విడిపోతోంది!" అని అరిచాను. పాస్టరుగారు ప్రసంగం ఆపేశారు. మా అమ్మ వచ్చేలోపు చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కున్నాను. నాన్న పీఠం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

నాకు అర్థమైంది ఒక్కటే. నేను గాబు వెనక అనుకున్న మాట దేవుడు విన్నాడు, ఇదీ ఆయన జవాబు. తరవాతి వారం నుంచి మళ్ళీ అన్నీ గట్టివే వచ్చాయి, ముప్పై ఏళ్ళు దాటినా ఒక్కసారి కూడా తప్పలేదు. అయినా 529 నా లోపల ఉండిపోయింది. నాన్నకి జ్వరం వస్తే చాలు, ఇరవైమూడు ఇరవైమూళ్ళు అని నాలోనే ఎవరో అనేవారు.

పెద్దయ్యాక కాకినాడలో నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం దొరికింది. రీడింగులు సరిచూడటం నా పని. ప్రతి ఆదివారం తెల్లవారుతూనే బస్సెక్కి ఊరికి వెళ్ళేదాన్ని. అమ్మానాన్నల మీద ప్రేమ అనుకునేవారంతా. నిజం చెప్పాలంటే బోర్డు కోసం వెళ్ళేదాన్ని. డాక్టరుగారు ఆటిజం అని చెప్పిన రోజు నాన్నకి ఫోను చేశాను. "అలాగా అమ్మా. భోంచేశావా?" అన్నాడు. ఇంతేనా అనిపించింది. ఆ కోపం చాలా నెలలు మోశాను.

కిందటేడు ఒక గురువారం మధ్యాహ్నం నాన్న అన్నం తిని వాలుకుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయింది. మర్నాడు భూస్థాపన. నేను చర్చిలోకి వెళ్ళి, పెట్టె కంటే ముందు బోర్డు వైపు చూశాను. పాటలు నడిపించడానికి నాన్న బదులు వచ్చినాయన చావులకి మామూలుగా పాడే పాటలే పెట్టాడు. మధ్య వరసలో 529 ఉంది. ఈసారి భాగించాల్సిన పని లేకపోయింది. డోలక్కు మొదటి దెబ్బకే నేను లేచిపోయాను.

అక్కడినుంచి అది నన్ను వెంటాడింది. బస్సు వెనక, ఆసుపత్రి టోకెను మీద, లారీ నంబరులో చూశాను. ల్యాబు మెట్లు ఇరవైమూడని నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడం మానేసి వెనక ర్యాంపు మీంచి వెళ్ళేదాన్ని. మా నాన్నని నేనే చంపానని నమ్మాను. చదువుకున్నదాన్ని, అది పిచ్చి అని తెలుసు. తెలిస్తే ఏం లాభం? నమ్మాను. ఊరికి వెళ్ళడం తగ్గించేశాను. వెళ్ళినా చర్చిలో అడుగుపెట్టలేదు.

ఎనిమిది నెలల తరవాత పాస్టరుగారు ఫోను చేశారు. "చర్చికి టీవీ స్క్రీను పెడుతున్నామమ్మా, పాటలు అందులోనే వస్తాయి. ఆ పాత బోర్డు మీ నాన్నగారు చేయించింది కదా, మీకు ఇద్దామని." వద్దని చెబుదామనుకున్నాను. అయినా శనివారం వెళ్ళాను. మెట్ల మీద మొదటి బెంచీ మామ్మ కనిపించింది, నడుం పూర్తిగా వంగిపోయింది. "వందనాలమ్మా. ఇప్పుడు నా పాట పెడుతున్నారే, నూట నలభైనాలుగు! మీ నాన్న మహానుభావుడు, ముప్పై ఏళ్ళు అడిగితే ఒక్కనాడు పెట్టలేదు. నేనేం పాపం చేశానో!" అని నవ్వింది. నేను కూడా నవ్వబోయి ఆగిపోయాను. నూట నలభైనాలుగు, పన్నెండు పన్నెళ్ళు. అది విడిపోయే సంఖ్య.

బోర్డుని ఆటోలో అమ్మ ఉన్న ఇంటికి తెచ్చి ముందు గదిలో నేల మీద బోర్లా పెట్టాను. వెనక నాన్న పాత రేకు ముక్కలు దాచుకునే చెక్క అర, దానికో మూత, బోర్డు గోడ మీంచి దించితే తప్ప తెరుచుకోదు. మూత తీస్తే లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. నాన్న దస్తూరి, గుండ్రటి మాస్టారి దస్తూరి. పైన 'గట్టివి' అని రాసి, కింద గీత గీశాడు.

ఆ మాట నాది. ఎప్పుడో ఆరేడేళ్ళప్పుడు చింతగింజల దగ్గర ఆయనకు చెప్పి ఉంటాను, నాకు గుర్తు కూడా లేదు. దాని కింద రెండు, మూడు, ఐదు, ఏడు నుంచి 599 దాకా వరసగా ఉన్నాయి. పక్కన సన్నటి అక్షరాలతో భాగహారాలు, శేషాలు. 529 మీద ఎర్ర సిరాతో అడ్డగీత. దాని పక్కన ఇరవైమూడో ఎక్కం మొత్తం రాసి ఉంది.

అప్పుడు అర్థమైంది. మన బళ్ళో ఎక్కాలు ఇరవై దాకానే బట్టీ పట్టిస్తారు. ఆయన కూడా అంతవరకే భాగించి చూశాడు. ఇరవై ఎక్కాలు వచ్చిన మనిషి ఆరువందల లోపు చెయ్యగలిగిన తప్పు ఒక్కటే, అదే 529. దేవుడి జవాబు కాదు, శాపమూ కాదు. ఒక ఎలిమెంటరీ మాస్టారి లెక్క తప్పింది, అంతే.

"నీకు తెలుసా?" అని అమ్మని అడిగాను, కాగితం చూపించి.

"తెలీకేం? నువ్వు అరిచిన వారమంతా మీ నాన్న ఇరవైమూడో ఎక్కం బట్టీ పట్టారు, సైకిలు తొక్కుకుంటూ కూడా. నీకు చెప్పొద్దన్నారు. పిల్ల దేవుడే పెడుతున్నాడనుకుంటోంది, అలాగే అనుకోనీ, అన్నారు."

"మరి భూస్థాపన రోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ రోజు నాకు బోర్డు గుర్తుండే పరిస్థితా తల్లీ!" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను కాగితం మళ్ళీ చూశాను. అట్టడుగున వేరే సిరాతో, వణికిన చేత్తో ఒక వరస ఉంది. కిందటేడో ఆ ముందేడో రాసి ఉంటాడు. 'నా భూస్థాపనకు 541, 547, 557. పాప కూర్చోవాలి.'

నాకప్పటికి నలభై దాటాయి. ఏడవడం నాకు సరిగా రాదు. నాతో ముప్పై ఏళ్ళు మాట్లాడింది దేవుడనుకున్నాను. దేవుడి మీద నాకిప్పుడు కోపం లేదు, కానీ ఆ గొంతు ఆయనది కాదు. శనివారం శనివారం స్టూలెక్కింది నాన్న. వారం వారం వెళ్ళి ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన వైపు చూడకుండా గోడ వైపు చూసి వచ్చేశాను.

బోర్డుని లేపి గోడకి ఆనించాను. రేకు ముక్కలు ఏరి 541, 547, 557 పెట్టాను. అమ్మ అడగకుండానే ముక్కాలిపీట మీద కూర్చుని మొదటి పాట అందుకుంది. ఆమెకు రాగం నిలవదు, చరణాల మధ్య దగ్గు వస్తుంది. నేను చెవులు మూసుకోలేదు. మూడో పాట ఆఖరి చరణం దాకా కదలకుండా కూర్చున్నాను. కూర్చున్నాను నాన్నా, అని చెప్పడానికి వాలుకుర్చీ వైపు తిరిగితే, అది ఖాళీగా ఉంది.