ఇంగ్లీషు మాస్టారి భయం

కిందటి నెలలో హైదరాబాదు వెళ్ళినప్పుడు, అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే, ఏదో మేడ మీది కిటికీలోంచి పిల్లలంతా గొంతు కలిపి ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని వల్లె వేస్తున్న చప్పుడు వినబడి కాళ్ళు ఆగిపోయాయి. నా ఈడువాళ్ళకు చెబితే నవ్వుతారేమో గాని, ఆ చప్పుడుకు నాకు పాత రోజులు ముచ్చటగా గుర్తుకు రాలేదు, అరచేతులకు చెమట పట్టింది.

మెట్రో స్తంభాలు ఇంకా లేని ఆ కాలంలో అలాంటి గదిలోనే నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, చదివింది తెలుగు మీడియం, ఇంగ్లీషంతా వ్యాకరణ పుస్తకాల్లోంచీ పేపరులోంచీ ఏరుకున్నదే. అయినా నా దగ్గర నేర్చుకుని ఎంతమంది ఏయే దేశాలకు ఎగిరిపోయారో! మిరపకాయ బజ్జీల వాసన, సుద్దముక్కల దుమ్ము, మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కే పిల్లలు, వీటి మధ్య బోర్డు ముందు నిలబడితే నన్ను మించినవాడు లేడనిపించేది. అన్నేళ్ళలో ఒక్క విదేశీయుడితో కూడా నేను మాట్లాడి ఎరగనన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మా ఆవిడ పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో నర్సు. తోటి నర్సులు వెళ్తున్నారని తనూ కెనడాకు దరఖాస్తు పెట్టి, పరీక్షలు రాసి, ఇక రాదులే అని మేమంతా మరిచిపోయాక, ఒక రోజు శాశ్వత నివాసం మంజూరైందన్న కబురు వచ్చింది. అర్హత తనది, నేనూ మా పాపా ఆమె వెంట వెళ్ళేవాళ్ళం. ఫలానా తేదీలోపు అక్కడ అడుగుపెట్టకపోతే అదంతా రద్దయిపోతుందన్నారు. శ్రీనగర్ కాలనీలో మా అద్దె వాటా చుట్టుపక్కల అందరికీ మిఠాయి పంచాను. నా వంతు ముక్క మాత్రం పాపకిచ్చేశాను.

ఆ రోజు మొదలు కళ్ళ ముందు ఒకటే దృశ్యం. ఒక తెల్లాయన నన్నేదో అడుగుతాడు, నాకు ముక్క అర్థం కాదు, పెళ్ళాం బిడ్డా నా మొహంలోకి చూస్తూ నిలబడతారు. స్నానం చేస్తుంటే అదే, అన్నం కలుపుకుంటుంటే అదే. క్లాసులో ఎన్నడూ లేనిది తప్పులు దొర్లాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఏ కల్మషమూ లేకుండా అడిగాడు.

"సార్, తెల్లోళ్ళు మాట్లాడితె మీకు మొత్తం సమజైతదా?"

గంట కాకముందే క్లాసు వదిలేశాను.

మా ఇన్‌స్టిట్యూట్ యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. నా అవస్థ కనిపెట్టింది ఆయనే.

"జర ఫికర్ చెయ్యకుండ్రి సార్. మా బావమరిది ఆడనే ఉన్నడు, వాళ్ళ పక్కింటి తెల్లాయన మస్తు మంచోడు. ఫోన్‌ల రెండు ముచ్చట్లు పెట్టుండ్రి, భయం గాయబ్."

పొద్దున్న మొదటి బ్యాచి అయ్యాక ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల గొంతు గడగడా సాగిపోయింది. వాక్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఆనవాలు దొరకలేదు. వాన గురించో ఎండ గురించో అంటున్నట్టు తోచి, "యెస్ సార్, యెస్ సార్" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ప్రతిదానికీ పెద్దగా నవ్వే భాయ్ ఆ రోజు నవ్వలేదు. తన చాయ్ సగం సాసర్లో పోసి నా ముందుకు జరిపాడు.

ఆ మధ్యాహ్నం ఒక నిశ్చయానికి వచ్చాను. "నువ్వూ పాపా ముందు వెళ్ళండి, నేను తర్వాత వస్తాను" అని మా ఆవిడకు చెప్పేద్దామని, ఆమె డ్యూటీ దిగే వేళకు పంజాగుట్ట దాకా నడిచాను. రోడ్డుకు అవతల బస్టాపులో కూర్చుని ఉంది. మా కాలనీ వైపు వెళ్ళే బస్సు వచ్చింది, ఎక్కలేదు. ట్రాఫిక్కులో నేను దాటలేక నిలబడి ఉండగానే ఇంకో బస్సూ వచ్చి వెళ్ళింది. ఆమె కదలలేదు. తీరా దాటి దగ్గరికి వెళ్తే, కొంగుతో గబగబా కళ్ళు తుడుచుకుంది.

"ఏం లేదండీ, రోజూ ఇక్కడ కాసేపు కూర్చుని వస్తున్నాను. ఇంట్లో మీరంతా సంబరంగా ఉంటారు, మీ ముందు ఏడిస్తే ఏం బాగుంటుంది? పేషెంటు ఒకటి చెబితే నాకు ఇంకొకటి అర్థమైతే ఏమవుతుందోనని చచ్చేంత భయంగా ఉంది. మీకు ఇంగ్లీషు బాగా వచ్చు, పక్కనే ఉంటారు అన్న ఒక్క ధైర్యంతోనే అప్లై చేశానండీ."

చెప్పాలనుకుని వచ్చిన మాట పక్కన పెట్టేశాను. దాని బదులు ఫోన్ సంగతంతా చెప్పాను. వినేకొద్దీ ఆమె మొహంలో మిగిలిన కాస్త రంగూ పోయింది.

"మరెలా అండీ?"

"తెలీదే."

ఇంకో బస్సూ వెళ్ళిపోయింది. చివరికి తనే లేచి, "అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడుగుదాం. కొట్టరు కదా" అంది. ఆ తర్వాత వచ్చిన బస్సు ఎక్కాం.

విమానంలో ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. అక్కడ దిగాక కౌంటరు దగ్గర, నేను ఊహించుకున్నట్టే, ఒకాయన ఏదో అడిగాడు, నా చెవులు మూసుకుపోయాయి. మా ఆవిడ మోచెయ్యి నా పక్కటెముకలకు తగిలింది. క్షమించండి, అర్థం కాలేదు, కాస్త నెమ్మదిగా చెప్పండి అన్నాను ఇంగ్లీషులో. అన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఆ ఒక్క వాక్యం ఎవరికీ నేర్పలేదు నేను. ఆయన మాటకు మాట విడదీసి మళ్ళీ అడిగాడు. తినే వస్తువులేమైనా తెచ్చారా అని! గోంగూర పచ్చడి ఉందని ఒప్పుకున్నాం.

భయం అక్కడితో పోలేదు. మొదటి ఏడాదంతా ఫోన్ మోగితే వేరే గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. గోడౌనులో పెట్టెలు మోస్తూ, తోటివాళ్ళ నోటి నుంచి మళ్ళీ మొదటినుంచి ఇంగ్లీషు నేర్చుకున్నాను. మా ఆవిడ నాకంటే ముందే నేర్చేసుకుంది. పాప సంగతి చెప్పక్కర్లేదు, మేమంత భయపడ్డామంటే ఈనాటికీ నమ్మదు.

ఇప్పటి పిల్లలు అన్ని దేశాల గొంతులూ ఫోన్లలో వింటూ పెరుగుతున్నారు, వాళ్ళకా బెదురు ఉండదు. భాయ్ పోయి చాలాకాలమైంది. మా వాటా ఉన్నచోట అపార్టుమెంటు లేచింది, వాచ్‌మన్ నన్ను ఎవరు కావాలని అడిగాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ ఫోన్ చేసి, "ఇంటికి ఎప్పుడొస్తున్నారు?" అంది. ఎల్లుండి అన్నాను, ఏ ఇంటికని తడుముకోకుండా. తిరిగొచ్చేటప్పుడు విమానంలో హాయిగా నిద్ర పట్టింది. వెనక వదులుకోవలసింది ఎంతో ఉన్న రోజుల్లో అంత భయపడ్డాను. ఇప్పుడు భయపడదామన్నా అక్కడ వదులుకోవడానికి నాకేం మిగిలిందని?