అంత గడ్డ, ఇంత చిన్న బొక్కలోంచి

నాకు చిన్నప్పటి నుంచీ ప్రశ్నల పిచ్చి. బేతంచెర్లలో మా బావ బండల పాలిష్ మిషన్ పెట్టిన కొత్తలో, అవి అంత నున్నగా ఎట్లా అవుతాయని అడిగడిగి పనివాళ్ల ప్రాణం తీశాను. అక్క గర్భసంచిలో గడ్డ ఉందని తేలినప్పుడూ అంతే. "కడుపు కోయకుండా చిన్న చిన్న రంధ్రాలతో తీసేస్తాం, తొందరగా ఇంటికి పోవచ్చు" అని కర్నూలు డాక్టరమ్మ అనగానే బావ ముఖం వెలిగింది. నన్ను మాత్రం ఒక సందేహం తొలిచేసింది.

"అంత గడ్డ ఇంత చిన్న బొక్కలోంచి ఎట్లా వస్తాది మేడమ్?"

బావ నన్ను కొరకొరా చూశాడు. డాక్టరమ్మ నవ్వి కాగితం మీద బొమ్మ గీసింది. లోపలే మిషన్‌తో ముక్కలు చేసి లాగేస్తారట. భలే ఉందే అనుకున్నాను. మరి ఆ గడ్డలో క్యాన్సర్ దాగుంటే అని మళ్లీ అడిగాను.

ఆమె పెన్ను ఆపింది. అప్పుడు ముక్కలతో పాటు అది కడుపంతా చెదిరే ప్రమాదం ఉందని, ఎన్ని పరీక్షలు చేసినా ఒక్కోసారి ముందుగా బయటపడదని చెప్పింది. "అందుకే ముట్లు ఆగినాక మళ్లీ రక్తం కనిపించిందా అని అడిగాను. లేదన్నారు కదా."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ బావను బయట కూర్చోమను."

బావ వెళ్లాక తల దించుకుని చెప్పింది. "ఆర్నెల్ల నుంచి కనపడతాండాది మేడమ్. చెప్తే దేవునింట్లోకి రానీరు."

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఎన్నో ఏళ్లు నెలనెలా వసారాలో ఓ మూల కూర్చున్న మనిషి. ముట్లు ఆగాక అత్తగారు శనివారం నైవేద్యం వండే పని ఆమెకు అప్పగించింది. అది చేజారుతుందని రక్తాన్ని దాచింది.

లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. గర్భసంచిని ఎక్కడా ముక్క చేయకుండా, కడుపు కోసి మొత్తంగా తీశారు. సంచి దాటి పోలేదని రిపోర్టు వచ్చిన రోజు బావ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు.

"నువ్వు అడక్కపోయింటే నేను చెప్పుండేదాన్ని కాదే," అంది అక్క.

మురిసిపోబోయాను. ఆ ఆర్నెల్లలో మూడుసార్లు వాళ్లింటికి వెళ్లి ఆమె పక్కనే పడుకున్నాను. చిక్కిపోయావేమక్కా అంటే "శానా బాగుండాన్లే" అంది, నేనూ సరేనని ఊరుకున్నాను. ఆ డాక్టరమ్మను అడిగినట్టు అక్కను ఒక్కసారీ అడగలేదు.