సుగుణ మేడం అడిగిన ప్రశ్న

నిన్న నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు ఇనుప బెంచీని బండల మీద ఈడ్చారు. ఆ కీచుమనే చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. కోప్పడదామని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. ఆర్మూర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆ చప్పుడు వినని రోజు లేదు. మా ఇంగ్లీషు లెక్చరర్ సుగుణ మేడం కొంగు నడుముకు దోపుకొని బెంచీలు తానే ఈడ్చేవారు. "గీ రూము కట్టినోడు మనుషులనే కూసోబెడ్తమనుకున్నడా, పసుపు బస్తాలు పేరుస్తమనుకున్నడా?" అని విసుక్కుంటూ అన్నిటినీ గుండ్రంగా జరిపేవారు. సాయంత్రానికి ప్రిన్సిపల్ గారి ఆజ్ఞ మేరకు అటెండరు వాటిని మళ్లీ వరుసల్లో పెట్టేవాడు. మరునాడు మళ్లీ కీచు.

గుండ్రంగా కూర్చోవడం నాకు నరకం. దాక్కుందామంటే ముందు ఎవరి వీపూ ఉండదు. పైగా ఆమె ఊరికే ఉండరు. ఏ పాఠం కష్టంగా ఉంది, వెలుతురు చాలుతోందా, ఏ వేళకు క్లాసు పెట్టమంటారు అని ఒక్కొక్కరినీ అడుగుతారు. మేమంతా ఒకటే జవాబు: "మీ ఇష్టం మేడం." పెద్దలు అడిగితే అలా అనడమే మాకు తెలిసిన మర్యాద. ఆమెకు మాత్రం ఒళ్లు మండేది. "నా ఇష్టం నాకెర్కనే! నోట్లె పసుపుకొమ్ము గిట్ట పెట్టుకొచ్చిండ్రా అందరు?" అనేవారు. నేను డైరీ నిండా ఆమె మీద చిరాకే రాసుకున్నాను. ఏమీ అడగకుండా చెప్పుకుపోయే లెక్చరర్లే నయమనిపించేది.

రెండో ఏడు ఇంగ్లీషులో తప్పినవాళ్లకు ఆమె విడిగా క్లాసు పెట్టారు. నేను తప్పలేదు గానీ, నా పక్కన కూర్చునే, మోర్తాడ్ నుంచి వచ్చే లావణ్య తప్పింది. "మూడున్నరకు పెడ్త, సరేనా?" అని మేడం అడిగితే వాళ్లంతా మర్యాదగా తలలూపారు. రెండో రోజుకే సగం మంది లేరు. బస్టాండులో లావణ్య నాతో చెప్పింది: "అమ్మ చేసిన బీడీలు పొద్దుగూకక ముందే కార్ఖానల అప్పజెప్పాలె. అమ్మకు మోకాళ్లు లేస్తలెవ్వు, నేనే పోవాలె. క్లాసుకుంటే బస్సు పోతది. క్లాసు లేకుంటె మళ్ల తప్పుత. ఇగ కాలేజి బంద్ వెడ్తనే."

"మేడంకు చెప్పరాదూ?"

"నువ్వు చెప్తవా?"

నేను చెప్పలేనన్న ధీమాతోనే అన్నది. మరునాడు మామూలు క్లాసులో మేడం మా అందరిపై అరుస్తున్నారు. "మీ కోసమే గదనే చచ్చేది! ఒక్కలన్న నోరు తెరువుండ్రి!" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లేచి నిలబడ్డాను. "మూడున్నర ఎవ్వరికీ కుదరదు మేడం. పొద్దున పెట్టండి. మోర్తాడ్ మొదటి బస్సు ఎనిమిదిన్నరకే దింపుతుంది. తరువాతి బస్సుకొస్తే మొదటి పీరియడ్ పోతుంది. అందుకని వాళ్లు గేటు తీసేదాకా రోడ్డు మీదే నిలబడతారు."

మేడం చేతులు నడుము మీద పెట్టుకొని నన్ను ఎగాదిగా చూశారు. "నీకు నోరున్నదా! ఇన్నొద్దులు ఎక్కడ దాచిపెట్టినవే?" మెచ్చుకోలు లేదు, అచ్చంగా విసుగే. తరువాత ఆ విసుగంతా ప్రిన్సిపల్ గారి గదికి మళ్లింది. కాలేజీ వేళకు ముందు గదులు తెరవడం నిబంధనల్లో లేదని ఆయన అన్నారట. మేడం గేటు మాత్రం తీయించగలిగారు. మరునాటి నుంచి వరండా మెట్ల మీదే క్లాసు. చలికి వణుకుతూ మేడం చదివించేవారు, మధ్యమధ్య ప్రిన్సిపల్ గారిని తిట్టేవారు. నన్నూ రమ్మనేవారు: "పెట్టుమన్నది నువ్వే గద, నువ్వు గూడ వణుకు!" లావణ్య ఆ ఏడు ఇంగ్లీషు గట్టెక్కింది, డిగ్రీ పూర్తి చేసింది.

నాకిప్పుడు ఆ విసుగు అంటుకుంది. కొత్త తరగతి మొదలైన వారం పిల్లలను పాఠం కన్నా ముందు ప్రశ్నలతోనే వేధిస్తాను: ఏ బస్సుకు వస్తారు, ఇంటికెళ్లి ఏం పని చేస్తారు, నేను చెప్పేది వెనక వరకు అందుతోందా. తల వంచుకుంటారు, గోళ్లు చూసుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది, అయినా పాఠం మొదలుపెట్టకుండా నిలబడతాను. మొన్న అలాగే నిలబడితే చివరి బెంచీ అమ్మాయి విసుగ్గా లేచింది. "మేడం, గా ఫ్యాను చప్పుడుకు వారం సంది మీ మాట ఒక్కటి వినవస్తలేదు." వారం నుంచి గొంతు చించుకున్నదంతా వృథానా అని ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కోపంతోనే వెళ్లి ఫ్యాను ఆపి, పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను.