వేపచెట్టు నుంచి పదిహేడు అడుగులు

ఆ పాలెంలో ఎవరు పోయినా గొయ్యి తవ్వడానికి ముందుగా యలమందయ్యకే కబురు వెళ్లేది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరుగారు సమూయేలు అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు చర్చి రిజిస్టరు దాటి బయటికి రాలేదు. వినుకొండ వైపు నల్లరేగడి ఎండాకాలంలో ఎంత మొండిదో తవ్వినవాళ్లకే తెలుసు. గడ్డపార వేస్తే భుజాల దాకా జివ్వుమంటుంది. అందుకని గొయ్యి తవ్వేవాళ్లకు మందు సీసా ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. మొదటి తట్ట మట్టి పోసి, దానిమీద సీసా నిలబెడతారు. పెట్టకపోతే పోయినవాళ్లకు మర్యాద తక్కువైనట్టు! ఇదేం మర్యాదో ఆ దేవుడికే తెలియాలి. యలమందయ్య మాత్రం పదమూడేళ్లుగా తన వాటా పక్కవాళ్ల వైపు తోసేసి, చెంబెడు మంచినీళ్లు తాగి గడ్డపార ఎత్తేవాడు.

అంతకుముందు మనిషే వేరు. భార్య కోటిరత్నం కామెర్లతో పోయిన రోజున కూడా గొయ్యి తానే తవ్వుతానని పట్టుబట్టాడు. ఆమె తమ్ముడు వీరబాబు తోడు దిగాడు. ఏడుపు ఆపుకోవడానికి ఒక గుక్క, చేతులు ఆడడానికి ఒక గుక్క, ఆ తర్వాత ఎందుకో తెలియకుండానే ఇంకో సీసా. శవపెట్టె ఎప్పుడొచ్చిందో, మట్టి ఎవరు పోశారో ఇద్దరికీ తెలియదు. సాయంత్రం ఎవరో మోసుకొచ్చి ఇంటి ముందు దించిపోయారు. ఆ వానాకాలమే వాగు పొంగి సమాధుల దొడ్డి మీదుగా పారింది. మట్టి దిబ్బలు సగం కరిగిపోయాయి, గుర్తుకు పాతిన కర్ర శిలువలు కొట్టుకుపోయాయి. కోటిరత్నం సమాధి ఏదని అడిగితే ఒకరు వేపచెట్టు వైపన్నారు, ఇంకొకరు వాగు గట్టు వైపన్నారు.

ఈస్టరు తెల్లవారుజామున పాలెమంతా సమాధుల దొడ్డికి వెళ్తుంది. ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తల్లి పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకు ఆరేళ్ల హారిక ఒడినిండా బంతిపూలతో తండ్రి వెంట నడిచింది.

"అమ్మ ఏది నాన్నా?"

యలమందయ్యకు ఏ దిబ్బో తెలియదు. సిగ్గుతో ఏదో ఒక దిబ్బ చూపించాడు. పిల్ల ఒక్కొక్క పువ్వే దానిమీద పేర్చి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, వెనకనుంచి ఒక ముసలామె సున్నం బకెట్టుతో వచ్చి, "అదేంటమ్మా, ఇది మా ఆయనది గదా!" అంది.

హారిక ఏడవలేదు. తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపు కన్నా నలుగురిలో చెప్పుతో కొట్టినా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడాయన. పిల్ల పూలన్నీ మళ్లీ ఏరి ఒళ్లో వేసుకుని, "పోనీలే నాన్నా, పేరు లేనివాటన్నిటికీ తలా ఒకటి పెడదాం. అమ్మకీ ఒకటి వస్తుంది" అంది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చర్చిలో మోకాళ్ల మీద పడ్డాడు. తాగుడు మానేయడమంటే మాటలా? నెల రోజులు ఒళ్లంతా వణికింది. అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి, "ఈ ఒక్కరోజు కాపాడు ప్రభువా" అని అడుక్కునేవాడు. ఏడాదికో నెలకో అడిగే ధైర్యం ఏనాడూ చేయలేదు. అలా ఒక్కొక్క రోజే అడుగుతూ పిల్లను డిగ్రీ రెండో ఏడాది దాకా చదివించాడు. ప్రతి ఈస్టరుకూ తండ్రీ కూతుళ్లు పేరు లేని దిబ్బలన్నిటికీ తలా ఒక పువ్వు పెడుతూనే వచ్చారు.

ఈ ఏడు మార్చిలో రెండో శనివారం కాలేజీ లేదని హారిక మిరపకాయల కోతకు వెళ్లింది. కూలీలతో కిక్కిరిసిన ఆటో మలుపులో బోల్తా పడింది. పదిమందికి దెబ్బలు తగిలాయి. పోయింది మాత్రం ఒక్క హారికే. అయ్యో, ఆ పదకొండుమందిలో ఆ పిల్లే దొరకాలా!

మరునాడు నాలుగింటికల్లా ఆసుపత్రి నుంచి తీసుకొస్తామన్నారు. "నువ్వు కూర్చో మావా, మేం తవ్వుతాం" అని కుర్రాళ్లన్నారు. "నా బిడ్డకు నేనే తవ్వుకుంటా" అన్నాడు యలమందయ్య. వీరబాబు మళ్లీ తోడు దిగాడు. మొదటి తట్ట మట్టి పోసి, ఎప్పటిలాగే దానిమీద సీసా పెట్టాడు.

"తీసుకో బావా. ఇవాళ వద్దనకు."

"వద్దురా."

"ఒక్క గుక్క. గుండె ఆగిపోద్ది, నా మాట విను. దేవుడు కూడా ఇవాళ ఏమీ అనుకోడు. కన్నకూతురు బావా! ఇవాళ తాగకపోతే ఇంకెప్పుడు తాగుతావ్?"

మూత తిప్పి సీసా ముందుకు చాపాడు. వాసన ముక్కుకు తగలగానే యలమందయ్య నోట్లో నీళ్లూరాయి. పదమూడేళ్లయినా ఆ నోరు ఏదీ మర్చిపోలేదు. థూ, ఏం బతుకురా ఇది, బిడ్డ శవం దారిలో ఉంటే నోరూరుతుందా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి దానంతటదే లేచింది. వేళ్లు సీసాకు తగిలాయి. తాగితే ఈ సాయంత్రం ఉండదు. పెట్టె దించడం ఉండదు, మట్టి శబ్దం ఉండదు. రేపు లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. నిద్రలో అడిగినా చెప్పే ప్రార్థన, సగంలో మాటలు అందలేదు. "తెలివిలో ఉంచు ప్రభువా. నన్ను ఏడిపించు, చంపు, నీ ఇష్టం. తెలివిలో మాత్రం ఉంచు" అని గొణిగాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వీరబాబూ, పిల్లను వాళ్లమ్మ పక్కన పెట్టాలి గదా. మీ అక్క ఎక్కడుందో చూపించరా."

వీరబాబు ముఖం వాడిపోయింది.

"చూపించు. ఇద్దరమే గదా తవ్వింది. ఇది వదిలేసి నువ్వు ఎక్కడంటే అక్కడే తవ్వుతా."

"నాకేం తెలుసు బావా" అన్నాడు వీరబాబు. మట్టి కుప్ప మీద కూలబడి ఏడుస్తూ ఆ సీసా తానే ఎత్తి తాగేశాడు. పెట్టె వచ్చేసరికి వేపచెట్టు కింద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు.

యలమందయ్య అన్నీ చూశాడు. తాళ్లు జారడం చూశాడు. మొదటి పిడికెడు మట్టి పెట్టె మీద పడ్డ చప్పుడు విన్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అందరూ వెళ్లాక వేపచెట్టు మొదలు దగ్గర నిలబడి, సమాధి దాకా పదిహేడు అడుగులు లెక్కపెట్టాడు. తప్పుతుందేమోనని వెనక్కొచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. చూసినవాళ్లు పాపం మతి చెడిందనుకున్నారు. ఇంటికొచ్చి, "నా బిడ్డను ఎందుకు తీసుకెళ్లావు?" అని దేవుణ్ణి నిలదీశాడు. అయినా మర్నాడు పొద్దున లేచి, ఆ ఒక్కరోజుకూ అడుక్కున్నాడు.

మూడు వారాలకు ఈస్టరు వచ్చింది. ఈలోగా పాలెంలో ఇంకో ఇద్దరు పోయారు. వేపచెట్టుకు అవతల మూడు కొత్త దిబ్బలు పక్కపక్కనే ఉన్నాయి. హారికకు శిలువ ఇంకా చేయించలేదు. ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే యలమందయ్య సున్నం బకెట్టు, బంతిపూలు పట్టుకుని వచ్చాడు. ముందు పేరు లేని దిబ్బలన్నిటికీ తలా ఒక పువ్వు పెట్టాడు. ఈసారి ఒక్కడే పెట్టాడు.

అటు తిరిగేసరికి ఆ మూడు దిబ్బల ముందు వీరబాబు నిలబడి ఉన్నాడు. స్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాడు. తాగలేదు. చేతిలో పూలున్నాయి గానీ దేనిమీదా పెట్టలేదు.

"బావా" అని ఆగాడు. తలెత్తలేదు. "మన పిల్లది ఏది బావా?"

ఎన్ని తిట్టినా తిట్టొచ్చు. అయినా యలమందయ్య బకెట్టు కింద పెట్టి, వీరబాబు చెయ్యి పట్టుకుని వేపచెట్టు మొదలు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు.

"ఇక్కణ్ణుంచి లెక్కపెట్టు" అన్నాడు.

ఇద్దరూ పైకి లెక్కపెట్టుకుంటూ నడిచారు.